అవతలి అంచు పట్టినోడు

దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక పిల్లల దవాఖాన ఉండె. పేరెందుకుగానీ, మెయిన్ రోడ్డు మీదికెళ్లి రెండు గల్లీలు లోపలికి తిరిగితే వస్తది. మూడంతస్తుల బిల్డింగు. పగటిపూట ఆ గల్లీల బండి పెట్టుకుందామంటే జాగ దొరకది. తల్లులు, పిల్లలు, మందుల సంచులు, ఆటోలు… ఒకటే కిటకిట. గానీ పొద్దుగూకినంక ఆ బిల్డింగు డాబా మీదికి పొమ్మంటే ఒక్కరు పోకపోయేది. జీతం ఎక్కువిస్తమన్నా పోకపోయేది.

ఎందుకంటరా? ఆ డాబా మీద రాత్రిపూట ఒకడు ఏడుస్తుండె.

నవ్వకుండ్రి. ఒక్కరు జూసి పది మందికి చెప్పింది గాదిది. ఎనుక గల్లీల ఇండ్లోళ్లంత విన్నరు. ముందుగాల టక్… టక్… టక్… అని ఎవరో లోపటికెళ్లి రేకును కొడుతున్న సప్పుడు. జరసేపటికి అది ఆగుతది. ఇగ అంత సప్పుడు బంద్. అప్పుడు — గుండె లోతులకెళ్లి వచ్చినట్టు ఒక పెద్ద నిట్టూర్పు. దాని ఎంబడే తెల్లగ, మనిషెత్తు, ఏదో లేచి నిలబడ్తది. ఊగుతది. మాయమైతది.

ఆ తర్వాత నీళ్లు. ఎనకింటి రేకుల మీద బొట్టు… బొట్టు… తెల్లారేదాక.

రాత్రి డ్యూటీ ఆయా నాగేశ్వరి ఒకనాడు ఆరేసిన పొత్తిగుడ్డలు తెద్దామని ధైర్యం జేసి పైకి పోయింది. పోయినంత తొందరగనే దిగింది, అయిదు మెట్లు మీదికెళ్లి దొర్లుకుంట. కాలుకు పట్టీ కడుతుంటే ఒక్కటే మాట చెప్పింది.

"ఆ మెకానిక్ సారే. మొన్న సచ్చిపోయినాయన. తన మిషన్‌ను ఇడ్సిపెట్టి పోతలేడు."

ఇది రెండువేల పదకొండు పోయి పన్నెండు వచ్చిన చలికాలం సంగతి.

ఆ దవాఖాన డాక్టరమ్మ లలితకుమారిది కోస్తా దిక్కు. దెయ్యాలను నమ్మే మనిషి గాదు. కానీ ఆమెకు ఇంకో పరేషాన్ ఉండె. డాబా మీది మిషనే కింద పసిపిల్లల గదికి వేడి గాలి పంపాలె. నెలలు నిండకుండ పుట్టిన పిల్లలు ఆ గదిల ఉంటరు. అర్ధరాత్రి దాటితే చాలు, గది సల్లబడుతున్నది. మిషన్ మీద రాసున్న రెండు ఫోను నంబర్లల్ల ఒకటి మోగుతలేదు. ఆమె రెండోదానికి చేసింది.

"మహిపాల్ గారూ, మీరొకసారి రావాలండీ. పైకెళ్లి చూడమంటే మావాళ్లెవరూ కదలట్లేదు."

"ఎందుకమ్మా?"

"ప్రసన్నకుమార్ గారు తిరుగుతున్నారంటున్నారండీ…"

"ఒస్తనమ్మా, ఇయ్యాల్నే ఒస్త" అన్నడు మహిపాల్.

ఫోను పెట్టినంక మనసుల ఏమనుకున్నడో తెలుసా? నిజంగ దెయ్యమే అయితే మంచిగుండు అనుకున్నడు. దెయ్యమైతే అడగొచ్చు.

ఏమడుగుతడంటే, ఎనుకటి సంగతి జర వినాలె.

మహిపాల్‌ది నల్లగొండ దిక్కు. ప్రసన్నకుమార్‌ది తెనాలి దగ్గర ఒక పల్లె. ఇద్దరు కలిసి చైతన్యపురిల ఏసీల షాపు పెట్టిండ్రు. మహి–ప్రసన్న కూలింగ్ వర్క్స్ అని బోర్డు. తొమ్మిదేండ్లు ఒక్క టిఫిన్ డబ్బల తిన్నరు. ఈయన "ఏంది బై" అంటే ఆయన "ఏంటి మహీ" అనేది. ఈయన పచ్చిపులుసు తెస్తే ఆయన గోంగూర తెచ్చేది.

వాళ్లకు రెండు అలవాట్లుండె. ఏసీది బయటి డబ్బా బిగించినంక, దాని మూత లోపలి దిక్కు తారీఖు రాసి ఇద్దరి పేర్లు రాసేది. ఎవ్వరికి కనబడది. మళ్ల మూత ఇప్పే మెకానిక్‌కు తప్ప. అదొకటి.

ఇంకోటి — బరువు లేపేటప్పుడు లెక్క. ప్రసన్నకు నడుము నొప్పి. ఆయన సిద్ధమైతెనే బరువు లేవాలె. అందుకని మహిపాల్ ఈ అంచు పట్టుకొని ఒకటి, రెండు అని ఆగుతుండె. అవతలి అంచు నుంచి ప్రసన్న మూడు అంటెనే లేపేది. తొమ్మిదేండ్లల్ల ఎన్ని వందల డబ్బాలు లేపిండ్రో, ఒక్కనాడు మహిపాల్ నోటెంట మూడు రాలే.

రెండువేల తొమ్మిది డిసెంబర్. తెలంగాణ ఉద్యమం భగ్గుమన్న రోజులు. ఆ నెల ఎట్లుండెనో ఈ ఊర్ల ఉన్నోళ్లకు చెప్పే పని లేదు. పొద్దున లేస్తే బందు, ర్యాలీ, రోడ్డు మీద టైర్ల పొగ. మహిపాల్ తమ్ముడు యూనివర్సిటీ హాస్టల్ల ఉంటుండె. లాఠీ దెబ్బకు తల పగిలింది. మహిపాల్ రాత్రంత దవాఖానల తమ్ముని దగ్గర కూసొని, తెల్లారి అటే పనికి వచ్చిండు. ఆయన కడుపుమంట అబద్ధం గాదు. ఆనాడు అందరి కడుపుల అదే మంట.

ఆ రోజే ఈ మిషన్ పెట్టాల్సిన పని. రెండు ఫ్యాన్లది, ఒకదాని మీద ఒకటి, మనిషి భుజం దాక వస్తది. తాళ్లు కట్టి డాబా మీదికి గుంజిండ్రు. నేల మీద దింపిండ్రు. అప్పుడు ప్రసన్న అన్నడు.

"మహీ, దీన్ని నేల మీద బిగించొద్దు. అడుగెత్తు స్టాండ్ కావాలి. ఇది వేడి మిషన్ కదా, చలికాలంలో బయట డబ్బాలోంచే నీళ్లు కారతాయి. కింద ఖాళీ లేకపోతే ఆ నీళ్లు పోవు."

"పదిహేనేండ్ల సంది జేస్తున్న. బయటి డబ్బాకెళ్లి నీళ్లు కారంగ ఏడ జూసినవ్?"

మహిపాల్ అడిగిందాంట్ల తప్పు లేదు. మన ఊర్ల అన్నీ సల్లటి గాలి మిషన్లే. నీళ్లు కారితే ఇంట్ల గోడ మీదికెళ్లి కారుతయి. బయటి డబ్బాకు స్టాండు ఎందుకు, నీళ్ల పైపెందుకు అని ఎవరైనా అనేటోళ్లే.

"రేపు స్టాండ్ చేయించుకొస్తా. ఒక్కరోజు ఆగుదాం" అన్నడు ప్రసన్న.

"రేపు బందు. ఎల్లుండి బందు."

"బంద్ అయ్యాకే పెడదాం…"

అప్పుడు జారింది మాట. రాత్రంత తమ్ముని తలకాయ జూసుకుంట మింగిన కోపం, ఎదురుంగ ఉన్న మనిషి మీద పడ్డది.

"మీరెప్పుడు గింతే. మాకేం తెల్వదన్నట్టు నేర్పుతరు. గంత తెలిస్తె మీ ఊర్కి పోయి పెట్టుకో. ఈడ నీకేం పని?"

ప్రసన్న చేతుల ఉన్న పానా తుడిచిండు. మహిపాల్ సంచిల పెట్టిండు. పానా మహిపాల్‌దే. మళ్ల కూసొని రాగి పైపులు కలుపుకుంట ఉన్నడు. పైపును ఎనుక రెండు చుట్లు ఎక్కువనే ఇడిసిండు. ఎందుకు అంత పైపు వేస్టు చేస్తున్నవని అడుగుదామనుకున్నడు మహిపాల్. అడగలే. డబ్బాను నేల మీదనే బోల్టులేసి బిగించి, మూత మీద పేరు గూడ రాయకుండ దిగిపోయిండు.

మరునాటి సంది ప్రసన్న షాపుకు రాలే.

ఊర్కి పోయిండేమో అనుకున్నడు మహిపాల్. వారం ఆగిండు. నెల ఆగిండు. ఆ పంతంల బోర్డు మీద రెండో పేరు మీద సున్నమేయించిండు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోను చేతుల పట్టుకున్నడో లెక్క లేదు. రేపు జేస్త, రేపు జేస్త. రెండేండ్లు గడిచినయి.

కార్తీకమాసం ఆఖర్ల ఒకనాడు రాగి పైపుల దుకాణంల సేటు అడిగిండు. "మీ ప్రసన్నకుమార్ పోయిండంట గదా. ఛాతీల నొప్పి. పదిహేను దినాలాయె."

"ఆయన… వాళ్ల ఊర్లనా?"

"ఊరేంది? బడంగ్‌పేట్‌ల. ఈ రెండేండ్లు ఈడనే గదా ఉండె."

బడంగ్‌పేట్. బండి మీద అరగంట. ఆ మనిషి ఏ ఊర్కీ పోలే. మహిపాల్ దుకాణం మెట్ల మీదనే కూలబడ్డడు. అప్పటి సంది ఆయనకు ముద్ద దిగుడు లేదు. ఒక్కటే ప్రశ్న తొలుస్తున్నది. నేనన్న మాట మనసుల పెట్టుకొనే పోయిండా? ఆ మాట ఎనుకకు తీసుకుందామంటే మనిషి లేడు. గిప్పుడు ఆ మనిషి డాబా మీద ఉన్నడంటున్నరు.

రాత్రి పదకొండింటికి మహిపాల్ దవాఖాన కాడికి పోయిండు. ఎముకలు కొరికే చలి. వాచ్‌మన్ దశరథ డాబా తలుపు తాళం తీసి, ఆఖరి మెట్టు మీదనే ఆగిపోయిండు.

"నేన్ రాను సార్. ఈడనే ఉంట."

"మంచిదే. ఉండు."

మహిపాల్ టార్చి తీసుకొని ఒక్కడే పోయిండు. డాబా ఖాళీ. నీళ్ల ట్యాంకు, బట్టల తీగ, పిట్టగోడ పక్కన తాడుపత్రి పట్ట కప్పిన ఏదో సామాను. నడుమ మిషన్.

టక్… టక్… టక్…

కాళ్లు ఆగినయి.

టక్… టక్…

ఆగింది. ఫ్యాన్లు నిలబడినయి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీది బస్సు సప్పుడు గూడ ఇనబడ్తలేదు. మహిపాల్‌కు తన ఊపిరి తనకే ఇనబడ్డది.

హుస్స్‌స్…

లేచింది. తెల్లగ. ఫ్యాన్ల ముంగట మనిషంత ఎత్తు. అటు ఒరిగి, ఇటు ఒరిగి, ఆయన దిక్కే వచ్చింది. చెంపకు తడి తగిలింది.

"ప్రసన్నా…" అన్నడు మహిపాల్.

చెయ్యి సాపిండు. చేతికి ఏం దొరకలే. తెల్లది పల్చబడ్డది, పోయింది. రేకుల మీద బొట్టు… బొట్టు… ఫ్యాన్లు మళ్ల తిరిగినయి.

మహిపాల్ అట్లనే నిలబడి, జరసేపటికి నవ్విండు. నవ్వుకుంటనే ఏడ్చిండు.

ఆయన మెకానిక్ గదా. ఆయనకు తెల్వదా? చలికాలం ఈ మిషన్ ఉల్టా నడుస్తది. బయటి గాలిలున్న వేడిని గుంజి లోపటికి పంపుతది. గుంజంగ గుంజంగ బయటి రేకులకు మంచు పడ్తది. మంచు మందమైతే మిషనే తనంతట తాను ఫ్యాన్లు ఆపి, గ్యాసు దారి మళ్లించి, మంచును కరగబెట్టుకుంటది. దారి మళ్లేటప్పుడు వచ్చేదే ఆ నిట్టూర్పు. తడి రేకులు వేడెక్కితే లేచేదే ఆ తెల్లటి ఆవిరి. కారేది కరిగిన మంచు. అంతే. దెయ్యం లేదు, భూతం లేదు.

అదే ఆయన దుఃఖం. అడగటానికి ఎవ్వరు లేరు ఇగ.

ముక్కు తుడుచుకొని, మోకాళ్ల మీద కూసొని, టార్చి కొట్టి జూసిండు. డబ్బా అడుగున జానెడు మంచు గడ్డకట్టి ఉంది. తిరిగేటప్పుడు కింది ఫ్యాను దానికి తగిలి టక్ టక్ మంటున్నది. కరిగిన నీళ్లు జరన్ని పొర్లి ఎనకింటి రేకుల మీద పడుతున్నయి, తక్కినయి పోయే తోవ లేదు. కింద ఖాళీ లేదు. మళ్ల గడ్డ కడుతున్నయి. అందుకే కింద పిల్లల గది సల్లబడుతున్నది.

రెండేండ్ల కింద ప్రసన్న చెప్పింది చెప్పినట్టు జరిగింది.

"దశరథా," అని పిలిచిండు. "ఈ సప్పుడు పోయిన యేడు లేకుండెనా?"

మెట్ల మీదికెళ్లి గుసగుసగ వచ్చింది జవాబు. "లేకుండె సార్. ఆయన వచ్చేటోడు గదా."

"ఎవరు?"

"ప్రసన్న సారు. చలి ముదిరినప్పుడల్ల రాత్రి వచ్చేటోడు. పగలొస్తె మంచు ఉండదు గదా. కిందికెళ్లి ఉడుకునీళ్లు బకిట్ల మోసుకొచ్చి, కూసొని కరగబోసేది. నడుము పట్టుకొని మెట్లెక్కేది పాపం. రెండు చలికాలాలు."

మహిపాల్ మెట్ల దిక్కు తిరిగిండు. "డాక్టరమ్మకు… ఏమని చెప్పెటోడు?"

"మహీ, నేనూ చూసుకుంటున్నాం, మీరు దిగులు పడకండి అనేటోడు."

మహిపాల్ లేచిండు. మిషన్ కరెంటు బంద్ జేసిండు. పానా తీసి మూత ఇప్పిండు. తొందరల ఒక్క బోల్టు కింద పడి దొర్లింది. మూతను తిప్పి టార్చి పెట్టిండు.

నల్ల మార్కరు. ఆ గుండ్రటి చేతిరాత.

'5-12-2009. బిగించాం. మహి, ప్రసన్న.'

కోపంతోటి దిగిపోయిన నాటి తారీఖు. ఆ రోజు గూడ పేరు రాసిండు. ముందుగాల మహి పేరే.

'2-1-2010. మంచు తీశాం. మహి, ప్రసన్న.'

'9-1-2010. మంచు తీశాం. మహి, ప్రసన్న.'

ఒకటి కింద ఒకటి, పదిహేడు తారీఖులు. ఎక్కడా తీశాను అని లేదు. అన్ని రాత్రులు ఒక్కడే వచ్చి, ఒక్కడే నీళ్లు మోసి, ఇద్దరం తీసినం అని రాసిపెట్టుకున్నడు. ఈడ ఈయన బోర్డు మీద సున్నమేయించిన నెలల్ల, ఆడ ఆయన ఈయన పేరు రాసుకుంట కూసున్నడు.

అట్టడుగున ఆఖరిది.

'29-10-2011. స్టాండ్ వచ్చింది. చలి రాకముందే ఎక్కించాలి. ఇద్దరం కావాలి. మహి వస్తాడు.'

ఇగ దాని కింద ఏం లేదు.

మహిపాల్ పిట్టగోడ కాడికి పోయి తాడుపత్రి లేపిండు. ఇనుప స్టాండు. నాలుగు కాళ్లు, అడుగెత్తు, ఎర్ర రంగు, కాళ్లకింద రబ్బరు బిళ్లలు. ఎనుక రెండు చుట్లు పైపు ఎందుకు ఇడిసిండో అప్పుడు సమజైంది. ఏదో ఒకనాడు మిషన్ లేపాలె గదా. లేపితే పైపు అందాలె గదా. తిట్టు తిన్న ఆ గడియలనే, మళ్ల కలిసి లేపే రోజుకు పైపు ఇడిసిపెట్టిండు ఆ మనిషి.

"నేను పట్టుకుంట సార్ అన్న," దశరథ మెల్లగ అన్నడు. "ఎన్నోసార్లు అన్న. వద్దు దశరథా, మహి వస్తాడులే అన్నడు."

స్టాండు మీద తల పెట్టుకొని ఏడ్చిండు మహిపాల్. సప్పుడు బయటికొచ్చేటట్టు ఏడ్చిండు. ఆ రాత్రి కిటికీలు తీసి ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లు విన్న ఏడుపు మాత్రం దెయ్యంది గాదు.

ఏడ్చి, లేచి, దశరథతోటి అన్నడు. "కిందికి పో. పిల్లలకు మంచిగ కప్పమని నర్సమ్మలకు చెప్పు. పది నిమిషాలు వేడి రాదని చెప్పు. ఆడ్నే ఉండు."

"ఒక్కనివేం జేస్తవ్ సార్? అది నూరు కిలోలు దాటుతది."

"పో నువ్వు."

దశరథ పోయిండు. పది నిమిషాలకు మళ్ల మెట్లెక్కి తొంగి చూసిండు. మిషన్ స్టాండు మీద ఉంది. నాలుగు కాళ్లు సమంగ, పైపు చుట్లు సాపుగ సాగి, ఎక్కడా గీత పడకుండ. కింద అడుగెత్తు ఖాళీ. మహిపాల్ బోల్టులు బిగిస్తున్నడు. కరెంటు ఏసిండు. ఫ్యాన్లు తిరిగినయి. తెల్లారేసరికి పిల్లల గది ఎచ్చగ ఉంది.

ఒక దిక్కు లేపి ఇటుకలు పెట్టి, మళ్ల ఇంకో దిక్కు లేపి, అట్ల ఎక్కించి ఉంటడని కొందరంటరు. అయ్యుండొచ్చు. కానీ ఆ డాబా మీద ఇటుక ముక్క గూడ లేకుండెనని దశరథ ఒట్టేసి చెప్తడు.

ఆ టక్ టక్ సప్పుడు మళ్ల రాలే. నీళ్లు కింద పెట్టిన పైపుల పడి పోతున్నయి. చలి రాత్రుల్ల నిట్టూర్పు మటుకు ఇప్పటికి వస్తది. అది మిషన్‌దే, మహిపాల్ అందరికి చెప్తడు. షాపు బోర్డు మీద సున్నం గీకించి రెండో పేరు మళ్ల రాయించిండు. మూత లోపల ఆఖరి గీత కింద ఇంకో గీత ఉంది, వేరే చేతిరాతల. 'స్టాండ్ ఎక్కించినం. ప్రసన్న, మహి.'

ఆ రాత్రి ఎట్ల లేపినవని దశరథ చానసార్లు అడిగిండు. ఒక్కసారే చెప్పిండు మహిపాల్, అది గూడ చాయ్ తాగుకుంట, గ్లాసు దిక్కు చూసుకుంట.

"ఈ అంచు పట్టుకున్న. ఒకటి అన్న. రెండు అన్న. అలవాటు గదా… ఆగిన. ఎవ్వరు లేరని తెలుసు. చేతులు కొంకర్లు పోతున్నయి. ఇడిసిపెడ్దామనుకున్న."

"అయితే?"

"అవతలి అంచు జర లేచింది, దశరథా. మెల్లగ… నడుము నొప్పి ఉన్నోడు లేపినట్టు."

గ్లాసు కింద పెట్టిండు.

"మూడు, మహీ… అన్నడు."